మీ సొంత సీన్ నడపాలంటే: లైవా, థ్రెడ్డా, డైసా, మాటా?

ఆన్‌లైన్ రోల్‌ప్లే గ్రూపుల్లో, అంటే తలా ఒక క్యారెక్టర్‌గా రాస్తూ కలిసి కథ అల్లుకునే గ్రూపుల్లో, ఆడేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే, కథ నడిపే స్టాఫ్ ఎప్పుడూ తక్కువే. ఉద్యోగాలు చేసుకుంటూ సర్వర్ (గ్రూపు ఆడుకునే ఆన్‌లైన్ చోటు) చూసుకునే ఇద్దరు ముగ్గురు అడ్మిన్లు అన్ని క్యారెక్టర్లకూ పని కల్పించలేరు. అందుకే ఆటగాళ్లే తోటి ఆటగాళ్ల కోసం సీన్లు, అంటే చిన్న కథాఘట్టాలు, నడిపే పద్ధతి చాలాకాలంగా ఉంది. 1989లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో జేమ్స్ ఆస్ప్‌నెస్ టైనీమడ్ అనే, అక్షరాలతోనే నడిచే ఆన్‌లైన్ ఆట రాశాడు. మరుసటి ఏడాది దాన్నుంచి టైనీమష్ వచ్చింది. ఆ తరహా ఆటలను మష్ అంటారు, వాటిలో ఆటగాళ్లే నడిపే ఇలాంటి కథలను పీఆర్‌పీ (ప్లేయర్ రన్ ప్లాట్) అంటారు. 2015లో డిస్కార్డ్ అనే చాట్ యాప్ వచ్చాక చాలామంది అక్కడికి మారారు. మన తెలుగు పిల్లలు రాసుకునే సర్వర్లలో కూడా అవసరం ఇదే.

మొదటిసారి సీన్ పెట్టాలనుకున్నవాళ్లు ఎక్కువగా అడిగేది "ఏ కథ పెట్టను?" అని. నేను చూసినంతలో కథ బాలేక ఆగిపోయిన సీన్లు తక్కువ. ఆడేవాళ్ల దగ్గరున్న టైంకి సరిపడని పద్ధతి ఎంచుకున్నందుకు ఆగిపోయినవే ఎక్కువ. ఆడేవాళ్లు ఏం చేసినా కథ మారదని తెలిసిపోయి చల్లారినవి ఆ తర్వాతి స్థానం. కాబట్టి కింద చెప్పే ప్రతి ఎంపికకూ నా కొలత ఒకటే: ఉన్న టైంలో ఆడేవాళ్ల నిర్ణయానికి ఎక్కువ బలం ఇచ్చే పద్ధతి ఏది?

ఉదాహరణకు ఒక సీన్ అనుకుందాం. పాపికొండల మధ్య రాత్రిపూట లాంచీ ఇంజిన్ ఆగిపోయింది. లోపల ఐదుగురు. ఒకరి సంచిలో గుడి నగలున్నాయి. వాటిని వెతుక్కుంటూ వెనక ఇంకో పడవ వస్తోంది. చిన్న సీనే, కానీ ఎవరూ మధ్యలో లేచి వెళ్లిపోలేరు. కొత్తగా నడిపేవాళ్లకు ఇలాంటి మూసుకున్న చోటు చాలా సాయం చేస్తుంది. ఊరి సంతలో సీన్ పెడితే తలా ఒక దుకాణానికి పోతారు, మీరు ఐదు సీన్లు ఒకేసారి రాయాల్సి వస్తుంది.

ముందు టైం లెక్క

లైవ్ టెక్స్ట్ అంటే అందరూ ఒకే సాయంత్రం కూర్చుని రాయడం. ఒక పోస్ట్ చదివి, ఆలోచించి, రాయడానికి ఏడు నిమిషాలు వేసుకోండి. ఐదుగురు ఆటగాళ్లు, మీరు కలిపి ఆరుగురు. ఒక రౌండ్ తిరిగేసరికి 42 నిమిషాలు. మూడు గంటల్లో వచ్చేవి నాలుగు రౌండ్లే. అంటే ఒక్కో ఆటగాడికి దొరికేవి నాలుగు పోస్టులు. ఈ లెక్క తెలియకే చాలామంది ఒక సాయంత్రానికి హత్య, విచారణ, ఛేజ్, కోర్టు అన్నీ పెట్టుకుంటారు. నాలుగు పోస్టుల్లో పట్టేది ఒక సమస్య, ఒక మలుపు, ఒక నిర్ణయం. మన లాంచీ సీన్‌లో అయితే ఇంజిన్ ఆగడం, సంచి బయటపడటం, వెనక పడవ దగ్గరయ్యేసరికి ఏం చేయాలో తేల్చుకోవడం. అంతకుమించి పెట్టకండి.

థ్రెడ్ అంటే ఎవరి వీలును బట్టి వాళ్లు రోజుల తరబడి రాయడం. వరస ప్రకారం రోజుకొకరు రాస్తే ఒక రౌండ్‌కు ఆరు రోజులు, నాలుగు రౌండ్లకు 24 రోజులు. అన్ని రోజులు ఉత్సాహం నిలబెట్టడం కష్టం. మధ్యలో ఒకరికి సెమిస్టర్ పరీక్షలు వస్తాయి, ఇంకొకరి ఇంట్లో పెళ్లి ఉంటుంది. దీనికి మంచి మందు ఒకటుంది. వరస తీసేయండి. "రెండు రోజుల్లో ఎవరైనా ఎప్పుడైనా ఒక పోస్ట్ రాయొచ్చు, మూడో రోజు నేను అందరివీ కలిపి ఏం జరిగిందో రాస్తాను" అని చెప్పండి. అప్పుడు రౌండ్ మూడు రోజులు, సీన్ మొత్తం 12 రోజులు. రాయలేకపోయినవాళ్ల క్యారెక్టర్ ఆ రౌండ్‌లో జాగ్రత్తగా పక్కన నిలబడింది అనుకుంటే చాలు, ఎవరూ ఎవరికోసమూ ఆగక్కర్లేదు. డిస్కార్డ్ థ్రెడ్లు కొంతకాలం కదలకపోతే, మహా అయితే వారానికి, వాటంతటవే ఆర్కైవ్‌లోకి పోతాయి. ఎవరైనా రాస్తే మళ్లీ తెరుచుకుంటాయి గానీ, లిస్టులో కనబడని థ్రెడ్‌ని జనం మరిచిపోతారు.

ఈ రెండింటిలో ఏది? ఆడేవాళ్లంతా మన దేశంలోనే ఉంటే లైవ్. సంభాషణలో వేడి, అప్పటికప్పుడు పుట్టే చమత్కారం థ్రెడ్‌లో రావు. దర్యాప్తు, ఉత్తరాలు, రాజకీయ మంతనాలు, నెమ్మదిగా పెరిగే స్నేహం లాంటివి మాత్రం థ్రెడ్‌లోనే బాగుంటాయి. ఆలోచించుకునే వ్యవధి దొరికితే రాత కూడా చిక్కబడుతుంది.

ఆడేవాళ్లు దేశదేశాల్లో ఉంటే కూడా లైవ్ అసాధ్యమేం కాదు. వేసవిలో డాలస్‌లో శనివారం ఉదయం 8 అయితే హైదరాబాద్‌లో సాయంత్రం 6:30, లండన్‌లో మధ్యాహ్నం 2. మెల్‌బోర్న్‌లో మాత్రం రాత్రి 11, వాళ్లకు కష్టం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు మారతాయి, మనకు మారవు. అదే డాలస్ 8 గంటలు చలికాలంలో మనకు 7:30. డిస్కార్డ్‌లో టైమ్‌స్టాంప్ పెడితే ఎవరి దేశపు టైం వాళ్లకు కనబడుతుంది. "సాయంత్రం ఆరున్నరకి" అని మాటల్లో రాసేకంటే అది వాడండి.

వాయిస్ మూడో దారి. ఇది అన్నిటికంటే వేగం. టెక్స్ట్‌లో మూడు గంటలు పట్టేది వాయిస్‌లో గంట లోపే అయిపోవచ్చు. కానీ ఇంట్లో నలుగురి మధ్య కూర్చుని దొంగలా, రాణిలా మాట్లాడే వీలు అందరికీ ఉండదు. ముఖ్యంగా అమ్మాయిలు చాలామంది గొంతు వినిపించడానికి ఇష్టపడరు, దానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. వాయిస్ తప్పనిసరి చేస్తే మీకు తెలియకుండానే కొందరిని బయట పెట్టినట్టే. ఐదుగురూ ముందే సరేనంటేనే వాయిస్.

ఫైవ్‌ఎం మీద నడిచే జీటీఏ ఆర్‌పీ సర్వర్లు, అంటే జీటీఏ వీడియో గేమ్ లోపలే రోల్‌ప్లే ఆడే చోట్లు, మళ్లీ వేరు. అక్కడ మీ సీన్ ఊరి మధ్యలో జరుగుతుంది. పిలవనివాళ్లు కారేసుకుని వచ్చేస్తారు, పోలీసు క్యారెక్టర్లు దూసుకొస్తారు. అక్కడ సీన్ రాసుకుని నడపడంకంటే ఒక పరిస్థితి సృష్టించి వదలడమే నయం. బ్యాంక్ ముందు వ్యాన్ చెడిపోయింది, లోపల డబ్బుంది, అంతే. వచ్చేవాళ్లు వస్తారు.

భాష సంగతి కూడా ముందే తేల్చుకోండి. తెలుగు లిపిలో రాస్తే రాత అందంగా ఉంటుంది, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తే వేగం వస్తుంది. డిస్కార్డ్‌లో మామూలు ఖాతాకు ఒక మెసేజ్‌కి 2000 క్యారెక్టర్ల హద్దు ఉంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి పేజీ మీద చిన్నగా కనబడే పోస్ట్ కూడా హద్దు దాటేస్తుంది. లైవ్‌లో ఎవరికి చేతనైనట్టు వాళ్లను రాయనివ్వండి. థ్రెడ్‌కు తెలుగు లిపి అడగడం న్యాయమే, అందరికీ వ్యవధి ఉంటుంది కాబట్టి.

ఎవరి వంతు ఎప్పుడు

కచ్చితమైన వరస పెడితే ఎవరికీ అన్యాయం జరగదు, కానీ అందరికంటే నెమ్మదిగా రాసేవాళ్ల వేగమే సీన్ వేగం అవుతుంది. వరసే లేకపోతే వేగంగా టైప్ చేసే ఇద్దరు సీన్‌ని ఎగరేసుకుపోతారు, మిగతావాళ్లు రాసింది పంపేలోపే అది పాతబడుతుంది. మష్ ఆటల్లో దీనికి మధ్యేమార్గం ఉంది. మీరు రాశాక ఇంకో ముగ్గురు రాస్తే మళ్లీ మీరు రాయొచ్చు. ముగ్గురి కంటే ఎక్కువ ఉన్న ఏ సీన్‌కైనా నా ఓటు దీనికే. ముగ్గురే ఉంటే వరస చాలు.

గొడవలూ పోరాటాలూ వచ్చినప్పుడు మాత్రం పద్ధతి మార్చండి. ఎవరేం చేయబోతున్నారో ఓఓసీ ఛానెల్‌లో, అంటే క్యారెక్టర్లుగా కాక మామూలు మనుషులుగా మాట్లాడుకునే చోట, ఒక్క వాక్యంలో చెప్పమనండి. "రాజు తాడు కోస్తాడు", "మంగ దీపం ఆర్పేస్తుంది". అన్నీ వచ్చాక మీరు ఫలితం రాయండి. పోరాటంలో తలా ఒక పెద్ద పేరా రాస్తే, చివరివాళ్లు రాసేసరికి మొదటివాళ్ల దెబ్బ ఎక్కడ తగిలిందో ఎవరికీ గుర్తుండదు.

డైస్ వేయాలా, మాట్లాడుకోవాలా

దీని మీద గ్రూపుల్లో వాదనలు పెద్దపెద్దగా జరుగుతాయి. మాట మీద నడిచే ఆటలో, నా క్యారెక్టర్‌కు దెబ్బ తగలాలంటే నేను ఒప్పుకోవాలి. ఒకరినొకరు ఎరిగినవాళ్ల మధ్య ఇది చాలా బాగుంటుంది. ప్రేమ, ద్రోహం, క్యారెక్టర్ చావు లాంటివి డైస్‌కు వదలకూడదని నేను గట్టిగా నమ్ముతాను. వాటిని ఆ ఆటగాడు ఎంచుకోవాలి. కొత్తవాళ్లు కలిసినప్పుడే ఈ పద్ధతి ఇబ్బంది పెడుతుంది. ఎప్పుడూ ఓడనివాళ్లు ఒకరు తయారవుతారు, మర్యాదస్తులు ప్రతిసారీ తగ్గుతారు. ఇంట్లో సర్దుకుపోయే అలవాటున్నవాళ్లు ఆటలో కూడా సర్దుకుపోతారు. అది చూడటం నాకు బాధగా ఉంటుంది.

డైస్‌కు మొహమాటం లేదు. కానీ లెక్క తెలియకుండా వాడితే అదే కథను చంపుతుంది. ఇరవై ముఖాల డైస్ మీద 11 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావాలంటే అవకాశం సగానికి సగం. మీ కథ ముందుకెళ్లాలంటే ఇలాంటివి నాలుగు వరసగా గెలవాలనుకోండి, అవకాశం పదహారింట ఒకటి. ఒక్కోదానికి 75 శాతం ఇచ్చినా నాలుగూ గెలిచే అవకాశం 32 శాతం లోపే. "డైస్ కలిసిరాలేదు" అని ఆటగాళ్లు అనుకుంటారు గానీ, అక్కడ సీన్ కట్టిన తీరే అలాంటిది.

అందుకని కథ నడవడానికి తప్పనిసరైన ఆధారాన్ని ఎప్పుడూ డైస్ వెనక దాచకండి. లాంచీలో సంచి ఉందని తెలియాలి, అంతే. దాన్ని ఎవరు ముందు చూస్తారు, చూసినట్టు ఎవరు గమనిస్తారు అన్నదానికి డైస్ వేయండి. రోల్‌ప్లే ఆటల గురించి రాసే జస్టిన్ అలెగ్జాండర్ 2008లో రాసిన ఒక సూత్రం ఇక్కడ పనికొస్తుంది. ఆటగాళ్లు ఒక విషయం కనిపెట్టాలంటే దానికి కనీసం మూడు ఆధారాలు పెట్టాలి. ఒకటి వాళ్ల కంట పడదు, రెండోదాన్ని పట్టించుకోరు, మూడోది పని చేస్తుంది. లాంచీలో ఆ మూడూ తడిసిన సంచిలోంచి వినబడే గజ్జెల చప్పుడు, సరంగు భయం, వెనక పడవ నుంచి వినిపించిన పేరు అనుకోండి.

రెండు ఆరు ముఖాల డైస్ కలిపి వేసే పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం. 10, అంతకంటే ఎక్కువ వస్తే పని అయింది. 7 నుంచి 9 వస్తే అయింది, కానీ ఏదో ఒకటి పోయింది. 6, అంతకంటే తక్కువైతే చిక్కు. అవకాశాలు వరసగా 17, 42, 42 శాతం దగ్గర్లో ఉంటాయి. క్యారెక్టర్‌కు ఆ పనిలో నేర్పు ఉందని 1 కలిపితే 28, 44, 28 అవుతాయి. ఆ మధ్య మెట్టే ఆటకు ప్రాణం. ఇంజిన్ స్టార్టయింది, కానీ ఆ మోత వెనక పడవకు వినబడింది. పోయేదేమిటో మీరు చెప్పకుండా ఆ ఆటగాడినే అడగండి: "అయింది, దానికి నీ క్యారెక్టర్ ఏం పోగొట్టుకుంది?" ఫలితం డైస్‌ది, దాని ఖరీదు ఆటగాడిది. కొత్తవాళ్లున్న సీన్‌లో మాట పద్ధతినీ డైస్‌నీ కలపడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనబడలేదు.

పెద్ద పోరాట వ్యవస్థలు, పటాల మీద బొమ్మలు జరిపే సైట్లు ఉన్నాయి. మీ సీన్‌లో గంటకు పైగా పోరాటం ఉంటే తప్ప వాటి జోలికి పోవద్దు.

ఎవరిని పిలవాలి, మీ క్యారెక్టర్ ఎక్కడ

తెలిసిన నలుగురినే పిలిస్తే సీన్ సాఫీగా నడుస్తుంది, కానీ సర్వర్‌లో మీ బ్యాచ్ అనే గోడ లేస్తుంది. అందరికీ తెరిచి పెడితే తొమ్మిదిమంది రావచ్చు, ఇద్దరే రావచ్చు. నేను చెప్పేది ఇద్దరిని లేదా ముగ్గురిని ముందే పిలుచుకుని రెండు సీట్లు ఖాళీగా ప్రకటించమని. ఆ రెండూ ఈమధ్య సీన్ దొరకనివాళ్లకు ఇవ్వండి. "ముందు వచ్చినవారికే" అని పెడితే ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉండేవాళ్లకే దొరుకుతాయి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఎప్పటికీ దొరకవు. మొత్తం ఐదుగురు దాటితే సాయానికి ఇంకొకరిని పెట్టుకోండి, లేదా రెండు రోజులుగా విడగొట్టండి.

మీ సొంత క్యారెక్టర్ సంగతి. మీరు నడిపే సీన్‌లో దాన్ని హీరోగా పెట్టకండి. పంక్తిలో వడ్డించే మనిషి అదే పంక్తిలో విస్తరి వేసుకుని కూర్చోడు. రహస్యాలన్నీ తెలిసిన మీరు మీ క్యారెక్టర్‌తో సరైన ఊహ చేయిస్తే ఆడేవాళ్లకు నచ్చదు, తెలియనట్టు నటిస్తే అదీ తెలిసిపోతుంది. అసలు లేకుండా చేయడం ఉత్తమం. సంఖ్య తక్కువైతే ఏదో ఒక పక్కపాత్రగా, అడిగితే తప్ప మాట్లాడని మనిషిగా ఉంచండి. సీన్‌లో దొరికే డబ్బు, ఆయుధం, బిరుదు ఏదీ మీ క్యారెక్టర్‌కు పోకూడదు.

అడ్మిన్‌ను ఎప్పుడు అడగాలి

ప్రతిదానికీ ముందే అనుమతి అడగమనే సర్వర్లున్నాయి, జరిగాక చెబితే చాలనే సర్వర్లున్నాయి. మీ సర్వర్ నియమం ఏదైతే అదే పాటించాలి. నియమం స్పష్టంగా లేనిచోట ఒక ప్రశ్న వేసుకోండి: రేపు ఈ సీన్‌లో లేని వాళ్ల ఆట దీనివల్ల మారుతుందా? లాంచీ ఇంజిన్ ఆగితే ఎవరి ఆటా మారదు, అడగక్కర్లేదు. ఆ నగలు ఊరి గుడివైతే, ఆ గుడి పూజారి ఇంకొకరి క్యారెక్టర్ అయితే, తప్పకుండా అడగాలి. క్యారెక్టర్ చావు, ఊళ్లో భవనం కాలిపోవడం, స్టాఫ్ నడిపే పెద్ద విలన్ కనబడటం, విలువైన వస్తువు పంచడం, ఇవన్నీ అడగాల్సినవే.

అడిగేటప్పుడు పది పేజీల కథ పంపకండి. ఏం జరుగుతుంది, ఎవరి మీద ప్రభావం పడుతుంది, అన్నిటికన్నా చెడ్డగా ముగిస్తే ఏమవుతుంది, ఈ మూడూ నాలుగైదు వాక్యాల్లో రాయండి. ఆ చివరి ప్రశ్నకు జవాబు ఉంటే అడ్మిన్లు త్వరగా సరేనంటారు.

ఆపే హక్కు

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి. రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఒకటి, మొదలయ్యేముందే హద్దులు చెప్పుకోవడం. ఏ విషయం అసలు రాకూడదు, ఏది వచ్చినా వివరంగా చూపకుండా దాటేయాలి అన్న విభజనను ఆటల రూపకర్త రాన్ ఎడ్వర్డ్స్ 2003లో ప్రచారంలోకి తెచ్చాడు. రెండోది, ఆట మధ్యలో ఎవరైనా కారణం చెప్పకుండా ఆపగలిగే ఎక్స్ కార్డ్. దాన్ని జాన్ స్టావ్రోపోలస్ తయారుచేశాడు. ఒకటి ఉంటే చాలదా అంటే చాలదు. ఏది ఇబ్బంది పెడుతుందో ముందు తెలియకపోవచ్చు, తెలిసినా నలుగురి ముందు చెప్పుకోలేకపోవచ్చు. టెక్స్ట్‌లో దీనికి ఖర్చేమీ లేదు. సీన్ ప్రకటనలో "రక్తం ఉంటుంది, నీళ్లలో మునగడం ఉండొచ్చు" అని ఒక వాక్యం, "మధ్యలో నాకు డీఎంలో ఎక్స్ అని పంపితే చాలు, ఎందుకని అడగను" అని ఇంకో వాక్యం. అది వచ్చినప్పుడు ఎవరు పంపారో బయటపెట్టకుండా ఆ భాగాన్ని దాటేసి ముందుకెళ్లండి.

డిస్కార్డ్‌లో 13 ఏళ్లు నిండినవాళ్లు ఖాతా తెరవచ్చు. మీ సీన్‌లో ఎవరి వయసెంతో మీకు తెలియదు. వయసు చూసుకుని విడిగా నడిపే సర్వర్ కాకపోతే శృంగారం పెట్టకండి, మూసిన తలుపు వెనక కూడా వద్దు. మన గ్రూపుల్లో ఇంకో జాగ్రత్త కావాలి. నిజమైన కులాల పేర్లు, పార్టీలు, హీరోల ఫ్యాన్స్ గొడవలు, ఆంధ్రా తెలంగాణ వాదనలు సీన్‌లోకి వస్తే క్యారెక్టర్లు కొట్టుకోవడం ఆగి మనుషులు కొట్టుకోవడం మొదలవుతుంది. కులం గురించి కథ రాయకూడదని నేననను. రాయాలి. కానీ అది ఐదుగురూ ముందే తెలిసి ఒప్పుకున్న సీన్‌గా ఉండాలి, అపరిచితులు కలిసే లాంచీలో కాదు.

ఎక్కడ ఆపాలి

టైం అయిపోతున్నా కథ పూర్తికాలేదు. వాయిదా వేయాలా, ముగించాలా? లైవ్ సీన్‌ని వాయిదా వేస్తే మళ్లీ అదే ఐదుగురు అదే టైంకి దొరకడం అరుదు. కాబట్టి ముగించండి. అరగంట ముందే ఓఓసీలో చెప్పండి: "ఇంకో రౌండ్ ఉంది, మీ క్యారెక్టర్ తప్పకుండా చేయాలనుకున్నది ఇప్పుడే చేయండి." ఆ మాట వినగానే వెనకాడుతున్నవాళ్లు ముందుకొస్తారు, సంచి మోసుకొచ్చినవాళ్లు నిజం చెప్పేస్తారు. మిగిలిన ముడులు అంటే నగలు ఎవరి చేతికి చేరాయి, సరంగు ఎవరి మనిషి లాంటివి ఆ ఐదుగురు తర్వాత ఇద్దరిద్దరుగా థ్రెడ్లలో ఆడుకోవచ్చు. అలా మిగలడం మంచిది. సీన్ మీది, దాని తర్వాత జరిగేది వాళ్లది.

మరుసటి రోజు లాగ్, అంటే సీన్‌లో అందరూ రాసినదంతా ఒకచోట, పెట్టండి. పైన మూడు వాక్యాల సారాంశం, ఊళ్లో అందరికీ తెలిసే విషయాలు ఏవి, ఆ లాంచీలో ఉన్నవాళ్లకే తెలిసినవి ఏవి అన్నది విడివిడిగా రాయండి. లాగ్ చదివి తెలుసుకున్న రహస్యాన్ని తన క్యారెక్టర్‌కు కూడా తెలిసినట్టు ఆడటాన్ని మెటాగేమింగ్ అంటాం కదా, చాలావరకు అది దురుద్దేశంతో జరగదు, ఏది బయట విషయమో తెలియక జరుగుతుంది. ఆ రెండు జాబితాలూ ఉంటే సీన్‌కి రానివాళ్లు కూడా "రాత్రి నదిలో ఏదో జరిగిందట" అని తమ క్యారెక్టర్లతో మాట్లాడించుకోగలుగుతారు.